క్వాంటం ఫిజిక్స్‌: కాంతి కణమా, తరంగమా? గాదంకి లేజర్‌ పైకెళ్లి వచ్చేలోపు ఏం జరుగుతుంది?

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి అనగానే చాలామందికి టోల్‌గేట్‌ గుర్తొస్తుంది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్నదీ ఆ ఊళ్లోనే. దాని పెద్ద రాడార్‌ గురించి పేపర్లలో చదివే ఉంటారు. ఇప్పుడు మనం మాట్లాడుకునేది మాత్రం అక్కడి లైడార్‌ గురించి.

రాత్రిపూట ఆకాశం తేటగా ఉంటే ఈ లైడార్‌ నిలువుగా పైకి ఆకుపచ్చ లేజర్‌ వదులుతుంది. గాలి అణువులకు తగిలి వెనక్కొచ్చే కాస్త వెలుగును టెలిస్కోప్‌ పట్టుకుంటుంది. 30 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి రావడానికి కాంతికి సెకనులో 5 వేలవ వంతు చాలు. అంత పైనుంచి వచ్చేది మరీ తక్కువ కాబట్టి, డిటెక్టర్‌ ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. వస్తే ఒకటి వస్తుంది, లేదంటే లేదు. సగం ఫోటాన్‌ ఎప్పుడూ రాదు.

అయితే ఫోటాన్‌ అంటే చిన్న గోలీ లాంటిదేనా? అలా అనుకుంటే ఓ చిక్కుంది. 1989లో జపాన్‌ శాస్త్రవేత్త తొనొమురా బృందం రెండు దారులున్న పరికరంలోకి ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపింది. ప్రతిదీ తెరపై ఒక్క చుక్కే పెట్టింది. వేల చుక్కలు పడ్డాక చూస్తే, అలలు కలిసినప్పుడు వచ్చే చారలు కనిపించాయి. ఒంటరిగా వెళ్లిన కణానికి రెండో దారి సంగతి ఎలా తెలిసింది?

బోర్‌, హైసెన్‌బర్గ్‌ల కోపెన్‌హాగన్‌ వాదం ప్రకారం, కొలవకముందు 'కణం ఎక్కడుంది' అన్న ప్రశ్నకే అర్థం లేదు. యూట్యూబ్‌లో చెప్పినట్టు మనిషి కళ్లతో చూడాలనేం లేదండీ. డిటెక్టర్‌కు తగిలితే కొలిచినట్టే, ఆపరేటర్‌ నిద్రపోతున్నా సరే!

1952లో డేవిడ్‌ బోమ్‌ దీనికి ఒప్పుకోలేదు. కణం ఎప్పుడూ ఒకచోటే ఉంటుంది, దాన్ని నడిపించే అల మాత్రం రెండు దారుల్లోనూ వెళ్తుందన్నాడు. ఎలక్ట్రాన్లకు ఇది చక్కగా కుదిరింది. ఫోటాన్‌ దగ్గరకొచ్చేసరికి కష్టమైంది. 1957లో హ్యూ ఎవరెట్‌ ఇంకో అడుగు ముందుకేశాడు. ఉన్నది అల ఒక్కటే, జరగగలిగినవన్నీ జరుగుతాయి, మనకు కనిపించేది అందులో ఒక శాఖేనన్నాడు. సినిమాల్లో మల్టీవర్స్‌ చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఏ వాదం నమ్మినా డిటెక్టర్‌లో వచ్చే లెక్క ఒకటే. అందుకే తగువు తెగట్లేదు. అలాగని ఇదంతా ఉత్త మాటలని కొట్టిపారేయలేం. కణాల గుణాలు ముందే ఖాయమై ఉంటాయి, దూరంగా జరిగేది వాటిని తక్షణమే తాకదు అనే మామూలు ఊహను పరీక్షించే దారిని 1964లో జాన్‌ బెల్‌ చూపించాడు. ప్రయోగాల్లో ఆ ఊహ ఓడిపోయింది. ఆ పనికే ఆస్పె, క్లౌజర్‌, జైలింగర్‌లకు 2022 నోబెల్‌ దక్కింది.

2025లో నేచర్‌ పత్రిక 1,100 మందికి పైగా శాస్త్రవేత్తలను అడిగితే, కోపెన్‌హాగన్‌ వైపు నిలబడింది 36 శాతం మందే. అయినా మిగతా వాదాలన్నిటికంటే ఎక్కువ ఓట్లు దానికే పడ్డాయి.