ఆరు చుక్కల చదువు

వేరుశనగ చేతికి రాని ఏడాది అనంతపురం పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మెట్ట ప్రాంతమిది. ఆ కాస్త వానైనా అదునుకు రాదు. అప్పుడు భార్యాభర్తలు మూటాముల్లె సర్దుకొని బెంగుళూరుకు కూలి పనులకు పోతారు. నడవగలిగిన పిల్లలను వెంట తీసుకుపోతారు. చూపులేని బిడ్డ మాత్రం అవ్వ దగ్గర ఉండిపోతుంది.

అలాంటి ఒక బిడ్డను మేమెరుగుదుము. ఆమెకప్పుడు తొమ్మిదేండ్లు. పుట్టుకతోనే చూపు లేదు. ప్రతి ఆదివారం అవ్వ కొంగు పట్టుకొని ఆరాధనకు వచ్చేది. ఒకసారి విన్న పాటను చరణాలతో సహా అప్పజెప్పేది. మేమందరం ముచ్చటపడేవాళ్లం. తలమీద చేయి ఉంచి చూపు కోసం ప్రార్థించేవాళ్లం. "ఈ పాప ఏ బడిలో చదువుతోంది?" అని మాత్రం రెండేండ్లపాటు మాలో ఒక్కరూ అడగలేదు. అడిగిన రోజున అవ్వ అన్న మాట ఇది: "కండ్లు లేని బిడ్డకు బడేంది నాయనా? యాడన్నా పడితే ఎవురు చూస్తారు?"

ఆ అవ్వను తప్పుపట్టే హక్కు మాకు లేదు. తెలిసినవాళ్లమే చెప్పలేదు గదా!

చూపులేని పిల్లలకు బడి అన్నది మన దేశంలో కొత్త సంగతి కాదు. 1887లో ఏనీ షార్ప్ అనే మిషనరీ సోదరి అమృతసర్‌లో మొట్టమొదటి అంధుల పాఠశాలను ప్రారంభించింది. మన ప్రాంతంలో హిందూపురంలో ప్రభుత్వ వసతి పాఠశాల ఏర్పడింది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కూడా దృష్టి లోపమున్న పిల్లలకు వసతితో కూడిన ప్రత్యేక పాఠశాలలు పెట్టింది. అయినా ఎన్నో ఇళ్లలో ఈ కబురే తెలియదు.

"కనపడకుండా ఎట్లా చదువుతారు?" అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. ఫ్రాన్సు దేశంలో 1809లో పుట్టిన లూయీ బ్రెయిలీ మూడేండ్ల వయసులో, తోలుపని చేసే తండ్రి కొట్టులో ఆడుకుంటుండగా కంటికి పదునైన పనిముట్టు గుచ్చుకుంది. పుండు రెండో కంటికీ పాకి చూపు మొత్తం పోయింది. పదిహేనేండ్లకే ఆ బాలుడు ఆరు చుక్కల లిపిని తయారు చేశాడు. నిలువుగా మూడేసి చుక్కలు, రెండు వరుసలు, అంతే. వాటిలో ఏవి ఉబ్బెత్తుగా ఉన్నాయో వేలితో తడిమి అక్షరం పోల్చుకోవాలి. ఆ ఆరింటితో 63 గుర్తులు వస్తాయి. మొదటి చుక్క ఒక్కటే ఉంటే మన 'అ'. ఒకటి, మూడు చుక్కలుంటే 'క'. 1951లో భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతి కుదిరింది.

రాసేటప్పుడు మందపాటి కాగితాన్ని పలకలో బిగించి మొనగల పుల్లతో పొడుస్తారు. కుడి నుంచి ఎడమకు రాయాలి. కాగితం తిప్పితే చుక్కలు పైకి లేచి, ఎడమ నుంచి కుడికి చదవడానికి వస్తాయి. లెక్కలకు టేలర్ ఫ్రేమ్ అనే గళ్ల పలక, పూసల చట్రం ఉంటాయి. పరీక్షలో చెప్పింది రాసిపెట్టే సహాయకుడిని ఇస్తారు. గంటకు కనీసం ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2013లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది.

తల్లిదండ్రుల భయం ఇంకొకటుంది. "ఎవరి పాపమో ఈ బిడ్డకు తగిలింది" అనే మాట ఊళ్లో వినిపిస్తూనే ఉంటుంది. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో శిష్యులడిగిందీ ఈ ప్రశ్నే. అది ఆ మనిషి పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని ప్రభువు తేల్చి చెప్పాడు. అంధత్వానికి కారణాలు వేరు. తరతరాల మేనరికాల వల్ల కొన్ని కంటి జబ్బులు వంశపారంపర్యంగా వస్తాయి. విటమిన్ ఎ లోపం, తట్టు, కంటికి తగిలిన దెబ్బ కూడా చూపు తీయగలవు. పసిపిల్లలకూ శుక్లాలు వస్తాయి. వాటిని త్వరగా తీయిస్తే చూపు దక్కే అవకాశముంది. అందుచేత మొదట కంటి వైద్యుని చూడాలి. కొందరికి కళ్లద్దాలు, పెద్ద అక్షరాల పుస్తకం ఉంటే చాలు.

చదివితే ఏమవుతుందంటారా? మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి నిబంధనలు ఒప్పుకోవన్నారు. కోర్టుకు వెళ్లి సాధించుకొన్నాడు. తర్వాత అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, తిరిగివచ్చి 2012లో బొల్లాంట్ పరిశ్రమను స్థాపించాడు.

మరీ దగ్గరి ఉదాహరణ కావాలా? కర్ణాటక సరిహద్దున అమరాపురం మండలంలోని చిన్న పల్లెకు చెందిన టి.సి. దీపిక 2025లో భారత అంధ మహిళల క్రికెట్ జట్టుకు నాయకురాలు. ఆ ఆటలో బంతి లోపల చిన్న గుండ్లుంటాయి. గలగల శబ్దం విని కొట్టాలి. ఆ యేడు నవంబరు 23న కొలంబోలో నేపాల్‌ను ఏడు వికెట్లతో ఓడించి, అంధ మహిళల తొలి టి-20 ప్రపంచ కప్పును ఆ జట్టు గెలిచింది.

అందరూ కప్పులు గెలవనక్కరలేదు. తన పేరు తాను రాసుకొని, తన అన్నం తాను సంపాదించుకొంటే అది తక్కువా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేండ్ల వరకు ఉచిత విద్య హక్కు. ఇది ఎవరో వేసే భిక్ష కాదు. సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోవడం, బడిలో దరఖాస్తు పెట్టడం అవ్వల వల్ల అయ్యే పని కాదు. బస్సు ఛార్జీ పెట్టుకొని వెంట నడిచే మనిషి ఒకరు కావాలి.

మేము మొదట చెప్పిన పాప ఆలస్యంగానైనా బడిలో చేరింది. బయలుదేరిన రోజున అవ్వ బస్సు కనుమరుగయ్యేదాకా ఏడుస్తూ నిలబడింది. క్రిస్మసు సెలవులకు వచ్చినప్పుడు పాప పలక తీసి, కాగితం మీద ఏదో పొడిచి, తిప్పి, అవ్వ వేలు పట్టుకొని దానిమీద నడిపించింది.

"ఏందే ఇది? రాగులు చల్లినట్టుండాదే!" అన్నది అవ్వ.

"నీ పేరవ్వా" అన్నది పాప.

ఆ అవ్వకు చదువు రాదు. తన పేరు ఆమె చేతికి తగలడం అదే మొదటిసారి. ఆ కాగితం ఇప్పటికీ ఆమె పెట్టెలో ఉంది.

ప్రియ పాఠకులారా, మీ వీధిలో ఇలాంటి బిడ్డ ఉన్నదా? ప్రార్థన మానవద్దు. కాని ఈ వారమే ఆ ఇంటికి వెళ్లి, మేము రెండేండ్లు అడగని ఆ ఒక్క ప్రశ్న అడగండి.