విద్యుత్ ఫ్లాట్లలో వేడి ఏర్పాట్లు (బ్రిటన్)

గ్యాసు సరఫరా లేకుండా వంటకు, వేడినీళ్ళకు, గదులను వెచ్చగా ఉంచుటకు విద్యుత్తు మీదనే ఆధారపడిన ఫ్లాటును పూర్తి విద్యుత్ ఫ్లాటు అంటారు. బ్రిటన్‌లో అధిక సంఖ్యాకుల ఇళ్ళలో గ్యాసు బాయిలరు నీటిని కాచి, ఆ నీటిని గదులలోని రేడియేటర్లకు పంపుతుంది. విద్యుత్ ఫ్లాట్లలో ఈ సదుపాయం ఉండదు. 2024, 2025 సంవత్సరాలలో నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ విధించిన గరిష్ఠ ధరల ప్రకారం యూనిట్ విద్యుత్తు 22 నుండి 29 పెన్నీల మధ్య, యూనిట్ గ్యాసు 5 నుండి 8 పెన్నీల మధ్య ఉన్నది. అనగా అదే వేడికి సుమారు నాలుగు రెట్ల ఖర్చు. చలికి ఓర్చుకొని డబ్బు మిగుల్చుకొనుట కూడ క్షేమకరం కాదు. శీతల దేశాలలో ఇంటిలోపల కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండుట ఆరోగ్యానికి మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది.

నేపథ్యం

1968 మే 16న తూర్పు లండన్‌లోని న్యూహామ్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల కొత్త భవనంలో, 18వ అంతస్తు వద్ద గ్యాసు పేలి, భవనపు ఒక మూల మొత్తం కూలిపోయింది. నలుగురు మరణించారు. ముందుగా తయారుచేసిన కాంక్రీటు పలకలతో కట్టిన ఇటువంటి పలు భవనాలలో ఆ తరువాత గ్యాసును తొలగించి విద్యుత్తును ఏర్పాటు చేశారు. నేడు తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు అద్దెకుండే ఈస్ట్ హామ్ కూడ ఈ న్యూహామ్ పరిధిలోనిదే.

రాత్రివేళ విద్యుత్ వాడకం తక్కువ, కాని పెద్ద విద్యుత్ కేంద్రాలను రోజూ ఆపి మరల నడుపుట కష్టం. ఆ మిగులును అమ్ముకొనుటకు 1978లో ఎకానమీ 7 అనే ధరల పద్ధతి వచ్చింది. ఇందులో రాత్రి ఏడు గంటలపాటు విద్యుత్తు చౌక, పగలు మాత్రం సాధారణ ధరకంటె ఎక్కువ.

హీటర్లన్నియు ఒకటే

ఫ్యాన్ హీటరు, కన్వెక్టరు, నూనె నింపిన రేడియేటరు, ఇన్‌ఫ్రారెడ్ పలక - వీటిలో ఏది కొన్నప్పటికీ ఒక యూనిట్ విద్యుత్తు నుండి వచ్చేది ఒక యూనిట్ వేడి మాత్రమే. ఇరవై పౌండ్ల ఫ్యాన్ హీటరుకు, మూడు వందల పౌండ్ల అందమైన పలకకు ఈ విషయంలో తేడా లేదు. రెండు కిలోవాట్ల హీటరు ఏదైనను ఆగకుండ ఐదు గంటలు పనిచేస్తే పది యూనిట్లు కాలుతాయి. యూనిట్ 25 పెన్నీలైనచో రెండున్నర పౌండ్లు. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వేడి ఇస్తుందని ఈ రకపు హీటర్లను గురించి చేసే ప్రచారాన్ని నమ్మనవసరం లేదు.

నూనె రేడియేటరు విషయంలో మరొక అపోహ కలదు. అందులోని నూనె మండదు, తరగదు. వేడిని కొంతసేపు పట్టి ఉంచుట మాత్రమే దాని పని. అందుచేత గది నిదానంగా వేడెక్కి, స్విచ్ ఆపిన తరువాత నిదానంగా చల్లబడుతుంది. అరగంట ఉండే గదికి ఫ్యాన్ హీటరు, సాయంత్రమంతా కూర్చొనే గదికి నూనె రేడియేటరు అనుకూలం. ఇన్‌ఫ్రారెడ్ పలక గాలికంటె ఎదురుగా ఉన్న మనిషిని వేడి చేస్తుంది కనుక ఒకరు ఒకేచోట కూర్చొని చదువుకొనుటకు చిన్న పలక సరిపోవచ్చును. ఈ తర్కమే మరికొంత ముందుకు సాగితే విద్యుత్ దుప్పటి వద్దకు చేరుతాము. వంద వాట్ల దుప్పటి ఎనిమిది గంటలు పూర్తి శక్తితో నడిచినా ఒక యూనిట్ కూడ కాదు. అయితే అది మనిషిని వెచ్చగా ఉంచునే గాని గదిలోని తేమను పోగొట్టదు.

స్టోరేజ్ హీటరు

పాత విద్యుత్ ఫ్లాట్లలో గోడకు బిగించిన బరువైన పెట్టె వంటి హీటరు కనబడుతుంది. దీనిలోపల ఎక్కువ వేడిని దాచుకోగల ప్రత్యేకమైన ఇటుకలు ఉంటాయి. రాత్రి చౌక విద్యుత్తుతో అవి కొన్ని వందల డిగ్రీల వరకు వేడెక్కి, పగలు ఆ వేడిని విడుదల చేస్తాయి. రెండున్నర కిలోవాట్ల హీటరు ఏడు గంటలలో 17.5 యూనిట్లు నింపుకొంటుంది. రాత్రి ధర 14 పెన్నీలు, పగటి ధర 30 పెన్నీలు అనుకొంటే, ఆ వేడి రాత్రి 2 పౌండ్ల 45 పెన్నీలకు, పగలు 5 పౌండ్ల 25 పెన్నీలకు లభిస్తుంది.

దీనిపై సాధారణంగా రెండు మరలు ఉంటాయి. ఇన్‌పుట్ అనునది రాత్రి ఎంత వేడి నింపవలెనో, అవుట్‌పుట్ అనునది పగలు ఎంత వేగంగా వదలవలెనో నిర్ణయిస్తుంది. అవుట్‌పుట్‌ను తెరచి ఉంచి నిద్రించుట తరచుగా జరిగే పొరపాటు. అప్పుడు ఇటుకలలో చేరుతున్న వేడి తెల్లవారులూ గదిలోనికి జారిపోయి, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెట్టె చల్లగా ఉంటుంది. అప్పుడు ఫ్యాన్ హీటరు వేసుకొంటే అది పగటి ధర. ఈ అనుభవంతోనే చాలామంది స్టోరేజ్ హీటరు పనికిరాదని తీర్మానిస్తారు. పడుకొనే ముందు అవుట్‌పుట్‌ను కనిష్ఠానికి తిప్పి, మరునాటి చలిని బట్టి ఇన్‌పుట్‌ను అమర్చవలెను. కొత్త నమూనాలలో వేడి జారిపోకుండ మంచి కవచము, ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉంటాయి.

ఎకానమీ 7 అందరికీ లాభం కాదు. పై ధరలనే తీసుకొని, ఒకే ధర పద్ధతిలో యూనిట్ 25 పెన్నీలు అనుకొంటే, మొత్తం వాడకంలో సుమారు 31 శాతం రాత్రి జరిగినప్పుడు రెండు పద్ధతులు సమానమవుతాయి. అంతకు తక్కువైతే నష్టమే. స్టోరేజ్ హీటర్లు తొలగించి పగటి హీటర్లు పెట్టిన ఫ్లాటులో పాత ధరల పద్ధతి అలాగే మిగిలిపోయినప్పుడు అద్దెదారు తెలియకుండానే రెండు విధాలా నష్టపోతాడు. చౌక గంటలు ఎప్పుడు మొదలగునో సరఫరాదారును అడిగి తెలుసుకొనవలెను. ప్రాంతాన్ని, మీటరును బట్టి ఇవి మారుతాయి. రేడియో సంకేతంతో ధర మారే పాత మీటర్ల వ్యవస్థను 2025 జూన్ 30 నుండి దశలవారీగా ఉపసంహరించుట మొదలైనది. వాటికి బదులు స్మార్ట్ మీటరు అమర్చుతారు.

హీట్ పంపు

ఒక యూనిట్‌కు ఒక యూనిట్ అనే నియమం వర్తించని సాధనం ఇదొక్కటే. తెలుగు నాట వేసవిలో వాడే ఏసీ గదిలోని వేడిని బయటకు తోస్తుంది. అదే యంత్రాన్ని తిరగవేస్తే బయటి చల్లని గాలి నుండి వేడిని తోడి లోపలికి తెస్తుంది. ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు మూడు యూనిట్ల వేడి లభించవచ్చును. అయితే దీని బయటి భాగాన్ని గోడకు బిగించుటకు ఫ్లాటు యజమానితో పాటు భవన యాజమాన్యం అనుమతి కూడ అవసరం కావచ్చును. ఏడాదికి అద్దెకు వచ్చినవారికి ఇది అందని ద్రాక్షయే.

వేడి పోవు దారులు

రెండు చదరపు మీటర్ల ఒంటి అద్దపు కిటికీ, లోపల 20, బయట 5 డిగ్రీలున్నప్పుడు దాదాపు 150 వాట్ల వేడిని పోగొట్టుతుంది. మంచి జంట అద్దాల కిటికీలో ఇది 45 వాట్లకు తగ్గుతుంది. కాబట్టి హీటరును ఎన్నుకొనుటకంటె ఫ్లాటును ఎన్నుకొనుటలోనే ఎక్కువ ఆదా ఉన్నది. ప్రతి ఇంటికి ఏ నుండి జీ వరకు శ్రేణి నిచ్చే ఎనర్జీ పెర్ఫార్మెన్స్ సర్టిఫికెట్‌ను అద్దె ఒప్పందానికి ముందే చూడవచ్చును. ఇంగ్లండు, వేల్సులలో 2020 ఏప్రిల్ నుండి, మినహాయింపు లేనిచో, ఈ శ్రేణికి తక్కువైన ఇంటిని అద్దెకు ఇవ్వరాదు. పై అంతస్తుకు, కింది అంతస్తుకు మధ్య ఉన్న ఫ్లాటు, పొరుగువారి వేడి వలన, చివరి అంతస్తు మూల ఫ్లాటుకంటె సహజంగా వెచ్చగా ఉంటుంది.

ఖర్చుకు భయపడి కిటికీలు బిగించి, లోపలే బట్టలు ఆరవేసి, పప్పు, అన్నం మూత లేకుండ ఉడికించినచో ఆ ఆవిరి చల్లని గోడలపై నీరై, నల్లని బూజు పడుతుంది. వంట చేయునప్పుడు, స్నానం తరువాత గాలి తీసే ఫ్యాను నడుపుట వలన పోయే వేడి స్వల్పం.

జాగ్రత్తలు

బ్రిటిష్ ప్లగ్గులోని 13 ఆంపియర్ల ఫ్యూజు సుమారు మూడు కిలోవాట్ల వరకే తట్టుకొంటుంది. హీటరును నేరుగా గోడ సాకెట్‌కు కలుపవలెను, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాదు. స్టోరేజ్ హీటరుపై బట్టలు ఆరవేయరాదు. లంబసింగి వంటి చోట్ల చలికి వెలిగించుకొనే కుంపటి వంటిది మూసిన ఫ్లాటులో పెట్టినచో కార్బన్ మోనాక్సైడ్ వలన ప్రాణాపాయం.

యజమాని పేరున మీటరు ఉండి, అద్దెదారులు యూనిట్ల చొప్పున విడిగా చెల్లించే ఇళ్ళలో, తాను సరఫరాదారుకు చెల్లించిన ధరకంటె ఎక్కువకు విద్యుత్తును తిరిగి అమ్మే హక్కు యజమానికి లేదు. అనుమానం వచ్చినప్పుడు అసలు బిల్లు చూపుమని అడుగవచ్చును.