ఖతార్ బడులలో పిల్లల చదువు: అంతరానికి మూలమేది?

ఖతార్ జనాభాలో స్వదేశీయులు కొద్దిమందే; తక్కినవారందరూ వలస వచ్చినవారు. రాజధాని దోహాలో అరబ్బీ మాధ్యమపు ప్రభుత్వ పాఠశాలలు, భారతీయ పాఠ్యప్రణాళికను అనుసరించే ప్రైవేటు పాఠశాలలు, బ్రిటిష్ పాఠశాలలు పక్కపక్కనే ఉన్నాయి. పదిహేనేళ్ల విద్యార్థులకు జరిగే పీసా పరీక్షలలో వలస కుటుంబాల పిల్లలు అక్కడి స్థానికులను మించారు. పశ్చిమ ఐరోపాలో సాధారణంగా కనిపించేది ఇందుకు విరుద్ధం. అందుచేత దీనికి కారణం జాతి అనుకోవడం సరికాదు. అంతరానికి బీజం తొలి తరగతులలోనే, ఇంకా చెప్పాలంటే బడిలో చేరకముందే పడుతుంది.

మొదటి కారణం వడపోత. ఖతార్‌లో కుటుంబాన్ని తెచ్చుకోవడానికి నిర్ణీత వేతనం ఉండాలి. తెలుగు ఇంజనీరు తన బిడ్డను దోహా బడిలో చేర్చగలడు. జగిత్యాల నుండి వెళ్లిన తాపీ మేస్త్రీ బిడ్డ మాత్రం అమ్మమ్మ దగ్గర, ఊరి బడిలోనే ఉంటుంది. ఆ బిడ్డ మార్కులు ఖతార్ లెక్కలలోకి రావు. అందువలన అక్కడి “భారతీయ” సగటు భారతీయులందరిదీ కాదు.

రెండవ కారణం భాష. ఖతారీ బిడ్డ ఇంట్లో గల్ఫ్ అరబ్బీ మాట్లాడుతుంది. పుస్తకంలో ప్రామాణిక అరబ్బీ ఎదురవుతుంది. నానమ్మ మాటకూ ఈ వ్యాసపు భాషకూ గల దూరాన్ని ఎరిగిన మీకు ఆ కష్టం తెలియనిది కాదు.

ఈ ఫలితాలు స్థిరమైనవీ కావు. నాలుగవ తరగతి పిల్లల పఠన శక్తిని కొలిచే పిర్ల్స్ పరీక్షలో ఖతార్ సగటు 2006లో 353, 2021లో 485. ఆ పదిహేనేళ్లలో బడులు మారాయి, బడికి వచ్చే పిల్లల కూర్పూ మారింది. అంత స్వల్పకాలంలో ఏ జాతి స్వభావమూ మారదు.

మన పూర్వీకుల కథ ఇందుకు భిన్నమైనది. మలయా రబ్బరు తోటలలో పిల్లలు తల్లిదండ్రులతోనే ఉండేవారు. ఒకే జాతికి చెందిన బడి ఈడు పిల్లలు పదిమంది ఉంటే తోట యజమాని పాఠశాల నడపాలని 1923 నాటి కార్మిక చట్టం విధించింది. ఆ బడి చాలాచోట్ల ప్రాథమిక తరగతులతోనే ముగిసేది. ఆపై చదువుకు దారి ఉండేది కాదు. అక్కడ పిల్లలున్నారు, పై తరగతులు లేవు. దోహాలో పై తరగతులున్నాయి, మేస్త్రీ పిల్లలు లేరు.

కాబట్టి ఏ జాతి పిల్లల మార్కులను గూర్చి చదివినా ముందుగా ఇవి విచారించాలి: ఆ బడిలో చేరగలిగినవారెవరు? వారు ఏ భాషలో చదివారు? లెక్కకు రాకుండా మిగిలిపోయినవారెవరు?