విడిభాగములతో ఇంట రివాల్వరు కూర్చవచ్చునా? పంచాయితీ సభ్యులు తెలిసికొనవలసిన చట్టము

అనంతగిరి అడవుల అంచున గల పల్లెలలోను, తాండూరు చుట్టును గల కంది చేలలోను అడవి పందుల బెడద రైతునకు కొత్తది కాదు. రాత్రి యెల్ల మంచెపై మేలుకొని కాపు కాసినను, తెల్లవారుసరికి పైరు నేలపాలై యుండును. అట్టి వేళ ‘చేతిలో ఒక తుపాకి యున్న బాగుండును’ అను తలపు కలుగుట సహజమే. సంతలకు సొమ్ము తీసికొనిపోవు వర్తకునకును, నాపరాళ్ల గనుల వద్ద కూలి డబ్బు పంచు మేస్త్రీకిని ప్రాణరక్షణకై రివాల్వరుపై మనసు పోవచ్చును. ఇది చాలదన్నట్లు, విదేశీయులు ఇంటిలో బల్లపై విడిభాగములు పరచుకొని తమకు నచ్చిన రీతిని రివాల్వరు కూర్చుకొను దృశ్యములను మన యువకులు చేతి ఫోనులలో చూచుచున్నారు. ‘అక్కడ చేసికొనునది ఇక్కడ ఏల చేసికొనరాదు? ఒక్కొక్కటిగా చూచిన అవి ఇనుప ముక్కలే గదా!’ అని వారికి తోచును. ఈ ప్రశ్నకు సరియైన సమాధానము పంచాయితీ సభ్యులకు తెలిసి యుండవలెను. గ్రామమున ఇట్టి ఆలోచన పుట్టినపుడు మొదట విని, మొదట వారింపగలవారు వారే.

అమెరికాలో జరుగుచున్నది ఏమి?

శామ్యూల్ కోల్టు అను నాతడు 1836లో అమెరికాలో రివాల్వరునకు పేటెంటు పొందెను. ఆయన కర్మాగారములలో ఒకే కొలతగల భాగములను యంత్రములపై వేలకొలది తయారు చేయు పద్ధతి వృద్ధి చెందెను. ఒక రివాల్వరు భాగము అదే రకపు మరియొక రివాల్వరునకు సరిపడునట్లు చేయు ఈ పద్ధతి నుండియే విడిభాగముల వ్యాపారము పెరిగినది. అమెరికా కేంద్ర చట్టము ప్రకారము, ఆయుధము కలిగియుండుటకు అర్హుడైనవాడు అమ్మకమునకు గాక తన సొంత ఉపయోగమునకు ఒక తుపాకి చేసికొనుటకు లైసెన్సు అక్కరలేదు. అయినను అక్కడి కొన్ని రాష్ట్రములు దీనికి కఠినమైన కట్టుబాట్లు విధించినవి. సులభముగా తుపాకిగా మార్చదగిన భాగముల పెట్టెలను తుపాకులుగానే పరిగణింపవలెనని అక్కడి ప్రభుత్వము 2022లో నియమము చేయగా, వారి సుప్రీం కోర్టు 2025లో దానిని సమర్థించినది. కనుక స్వేచ్ఛ మెండుగా కల దేశమున సైతము విడిభాగము ‘ఉత్త ఇనుప ముక్క’గా మిగులలేదు.

మన చట్టము ఏమి చెప్పుచున్నది?

బ్రిటిషువారు 1878లో చేసిన ఆయుధముల చట్టమునకు మారుగా స్వతంత్ర భారత పార్లమెంటు 1959లో కొత్త చట్టము చేసినది. అది 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అందలి రెండవ సెక్షను ‘ఆయుధము’ అను మాటకు అర్థము చెప్పుచు, ఆయుధముల భాగములను, వాటిని తయారు చేయు యంత్ర సామగ్రిని సైతము ఆ మాటలో చేర్చినది. ఇంటి పనికి, వ్యవసాయమునకు మాత్రమే ఉద్దేశింపబడిన లాఠీ, చేతికర్ర వంటివి ఇందులోనికి రావు.

ఐదవ సెక్షను ప్రకారము, లైసెన్సు లేనిదే ఎవరును తుపాకిని తయారు చేయరాదు, అమ్మరాదు, బదిలీ చేయరాదు, మరమ్మతు చేయరాదు, పరీక్షింపరాదు. తుపాకి కలిగియుండుటకు ఇచ్చు లైసెన్సు వేరు, తయారు చేయుటకు ఇచ్చు లైసెన్సు వేరు. మొదటిది యున్నవాడు సైతము ఇంట కూర్చుండి రెండవ రివాల్వరును కూర్చుకొనుటకు వీలులేదు. గొట్టమును కురుచ చేయుటకును, బొమ్మ తుపాకిని నిజమైన తుపాకిగా మార్చుటకును ఆరవ సెక్షను క్రింద ప్రత్యేక లైసెన్సు కావలెను.

ఇక్కడ ఒక మినహాయింపును చక్కగా గ్రహింపవలెను. జతపడు ఇతర భాగములతో కలిపి వాడు ఉద్దేశము లేని చిన్న భాగములకు ఈ చట్టము వర్తింపదని 45వ సెక్షను చెప్పుచున్నది. కావున పాత సామానులలో దొరికిన యొక తుప్పుపట్టిన స్ప్రింగును ఊరక ఉంచుకొన్నవాడు నేరస్థుడు కాడు. కాని మిగిలిన భాగములు తెచ్చి తుపాకి కూర్చవలెనని తలచిననాడు ఆ మినహాయింపు తొలగిపోవును. జతపడు భాగములు తన వద్దనే యుండనక్కరలేదు, మరియొకరి వద్ద నున్నను అంతే. కనుక నలుగురు స్నేహితులు తలకొక భాగము తెప్పించుకొని ‘నా యింట నున్నది ముక్కయే గదా’ అన్నచో ఆ మాట చెల్లదు. అనగా కూర్పునకు వేసికొను పథకమే వారికి రక్షణ లేకుండ జేయుచున్నది. యువకులకు మనము నచ్చజెప్పవలసిన ముఖ్య విషయము ఇదియే.

శిక్షలు

2019లో జరిగిన సవరణ శిక్షలను మిక్కిలి పెంచినది. ఐదవ సెక్షనును మీరి తుపాకి తయారు చేసినను, అమ్మినను, మరమ్మతు చేసినను ఏడేండ్లకు తక్కువ కాని జైలు శిక్ష పడును. అది యావజ్జీవము వరకు పోవచ్చును, జరిమానా అదనము. లైసెన్సు లేక తుపాకిని దగ్గర ఉంచుకొన్నందుకు రెండేండ్లకు తక్కువ కాకుండ ఐదేండ్ల వరకు జైలు, జరిమానా ఉన్నవి. పంటకై చేసినను, సరదాకై చేసినను ఐదవ సెక్షను ఒక్కటే. ఇరువది రెండేండ్ల యువకుడు ఫోనులో చూచిన ముచ్చటకై ఏడేండ్లు పోగొట్టుకొనుట ఎంతటి నష్టమో ఆలోచింపవలెను.

కమ్మరి కొలిమి, లేతు యంత్రము

ఈ విషయమున ఎక్కువ అపాయమున నున్నవారు గ్రామ కమ్మరులు, పట్టణములలోని లేతు షాపుల పనివారు. ‘ఒక గొట్టము తరిచి యిమ్ము, ఒక చక్రము కోసి యిమ్ము’ అని వచ్చినవాడు దాని ఉపయోగము చెప్పకపోవచ్చును. పని ఏమిటో తెలిసి చేసిన పనివాడు తుపాకి తయారీలో భాగస్వామి యగును. తెలియని కొలతలతో, దళసరి ఉక్కు గొట్టములతో పని వచ్చినపుడు ‘ఇది దేనికి?’ అని అడిగి, సమాధానము తృప్తిగా లేకున్న పని త్రిప్పి పంపుటయే క్షేమమని వారికి తెలుపవలెను. నాటు తుపాకికి, తపంచాకు మరమ్మతు చేయుట సైతము తయారు చేయుటతో సమానమైన నేరమే.

చట్టము మాట యటుంచినను, దేహమునకు కలుగు అపాయము చిన్నది కాదు. రివాల్వరులో తూటాలు నిలుచు చక్రము తిరిగి, ప్రతి పర్యాయము ఒక గది సరిగా గొట్టమునకు ఎదురుగా నిలువవలెను. వెంట్రుక వాసి తేడా వచ్చినను గుండు గొట్టపు అంచును ఒరసికొనును, సీసపు తునకలు ప్రక్కకు చిమ్మును. మందు పేలిన క్షణమున లోపల వాతావరణపు ఒత్తిడికి అనేక వందల రెట్లు ఒత్తిడి పుట్టును. దానికి తగిన ఉక్కు, తగిన పదును లేనిచో చక్రమే పగిలి, పట్టుకొన్నవాని వ్రేళ్లను, కన్నును తీసికొనిపోవును. అందుచేతనే కర్మాగారమున తయారైన ప్రతి తుపాకిని అమ్మకమునకు ముందు ఎక్కువ బలము గల తూటాలతో పరీక్షించి ముద్ర వేయుదురు. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారములలో తయారగు .32 రివాల్వరుకు గుర్తింపు సంఖ్య, పరీక్ష ముద్ర ఉండును. ఇంట కూర్చిన దానికి రెండును ఉండవు. గుర్తింపు లేని ఆయుధము ఎవరి చేతిలో పడినను జాడ దొరకదు.

ఒక్క నాటు ఆయుధము ఎంతటి చేటు తేగలదో లోకమంతయు 2022 జూలై 8న చూచినది. తుపాకులపై మిక్కిలి కఠినమైన చట్టములున్న జపానులో, నారా నగరమున, మాజీ ప్రధాని షింజో అబే ఇంట తయారైన తుపాకితో కాల్చబడి మరణించెను.

పంచాయితీ సభ్యుల విధి

ఆయుధముల చట్టము 36వ సెక్షను ప్రకారము, ఆ చట్టము క్రింది నేరము జరిగినట్లు ఎరిగిన ప్రతివాడును, తగిన కారణము లేనిచో, సమీప పోలీసు అధికారికి గాని మేజిస్ట్రేటుకు గాని తెలుపవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 34వ సెక్షను పంచాయితీ సభ్యులపై మరింత బాధ్యత నుంచినది. గ్రామమున గాని దాపున గాని బెయిలునకు అర్హము కాని నేరము జరిగినను, జరుపు ఉద్దేశము ఉన్నను, వెంటనే తెలుపుట గ్రామ వ్యవహారములతో సంబంధము గలవారి విధి. ఆ మాటలో పంచాయితీ సభ్యుడు స్పష్టముగా చేరియున్నాడు.

తెలుపుట యనగా సోదా చేయుట కాదు. సభ్యులు స్వయముగా ఇండ్లు వెదకరాదు, దొరికిన ఆయుధమును తాకరాదు, ఊరిలోని పాత పగలకు ఈ విధిని సాధనముగా వాడరాదు. విన్న సంగతిని ఠాణాకు చేరవేసిన చాలును. ఇంకను పని మొదలుపెట్టక ఆలోచనలో మాత్రమే యున్న యువకుని తండ్రితోను, కులపెద్దలతోను కలిసి కూర్చుండబెట్టి, శిక్ష ఎంతటిదో చెప్పి మరలించుట అంతకంటె మేలైన పని.

కొన్ని ఇండ్లలో తాతల నాటి తుపాకులు అటకలపై ఉండవచ్చును. మరమ్మతు చేసినను పనికిరానంతగా పాడైనదానికే చట్టములో మినహాయింపు ఉన్నది. బాగుచేసిన పేలునది ఆయుధమే. లైసెన్సుదారు మరణించినను, లైసెన్సు గడువు తీరినను, ఆ తుపాకిని ఆలస్యము చేయక ఠాణాలో గాని లైసెన్సు గల వర్తకుని వద్ద గాని అప్పగింపవలెనని 21వ సెక్షను చెప్పుచున్నది. వారసులు తరువాత లైసెన్సుకై దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

న్యాయమైన మార్గములు

వద్దని చెప్పుటతో మన పని తీరదు. రైతు కష్టమునకు దారియు చూపవలెను. 13వ సెక్షను పంట రక్షణను న్యాయమైన అవసరముగా గుర్తించినది. నిజముగా పంటకై కావలసినవానికి ముందునుండి మందు కూరు తుపాకికి లైసెన్సు దొరకవచ్చును. అది చాలదని అధికారికి తోచినచో మరియొక రకపు నునుపు గొట్టపు తుపాకికి అనుమతి ఇవ్వవచ్చును. వయస్సు 21 ఏండ్లు నిండవలెను. జిల్లా కలెక్టరు కార్యాలయమున దరఖాస్తు చేసిన పిదప పోలీసు విచారణ జరుగును. తుపాకి భద్రముగా వాడు శిక్షణ పొందవలెను. లైసెన్సు ఐదేండ్లు చెల్లును. ఒకరు రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు. దరఖాస్తు త్రోసివేయబడినచో అప్పీలు చేసికొను హక్కు కలదు.

అయితే తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రమున పందిని కాల్చు హక్కు రాదు. అడవి పంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలో నున్నది. పైరును పాడుచేయు జంతువును చంపుటకు అటవీ అధికారుల వ్రాతపూర్వకమైన ఉత్తరువు 11వ సెక్షను క్రింద పొందవలెను. పంట నష్టమునకు పరిహారముకై అటవీ శాఖకు దరఖాస్తు పెట్టవలెను. క్షణికముగా తాకి విడుచు సౌర కంచె వేరు, కరెంటు స్తంభము నుండి తీగ లాగి చేను చుట్టును కట్టుట వేరు. రెండవది పందితో బాటు ప్రక్క చేని మనిషిని, ఒక్కొక్కప్పుడు కట్టినవానినే చంపును. నాటు బాంబులును అట్టివే.

రాబోవు గ్రామ సభలో ఈ సంగతులను సభ్యులు అందరికిని వినిపించుదురు గాక. పంట పోయిన మరుసటి పంటకు ఆశ కలదు. విడిభాగములు కూర్చినవాని వ్రేళ్లు పోయినను, ఏడేండ్లు పోయినను తిరిగి రావు.