కింగ్ ఆలివర్ జాజ్ రికార్డులు

అమెరికాలోని ఇండియానా రాష్ట్రపు రిచ్మండ్ పట్టణములో జెనెట్ కంపెనీ 1923లో కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండు వాద్యమును గ్రామఫోను రికార్డులుగా వెలువరించినది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తొలి రికార్డులు కూడా ఇవే. అప్పటికింకా మైకు వాడుకలోనికి రాలేదు. వాద్యకారులు పెద్ద బూర ఎదుట నిలిచి వాయించెడివారు.

మూలపు లోహపు అచ్చులు చాలావరకు దక్కలేదు. కనుక పునర్ముద్రణకు సేకర్తల వద్దనున్న పాత రికార్డులే ఆధారము. "జూలూస్ బాల్" ఒకవైపు, "వర్కింగ్ మ్యాన్ బ్లూస్" మరొకవైపు గల రికార్డుకు ఒకే ఒక్క ప్రతి మిగిలినట్లు తెలియుచున్నది. అది పగిలిపోయి ఉన్నట్లయితే ఆ రెండు పాటలు ఎవరికీ వినబడెడివి కావు.

ఆ బ్యాండు 1923 నాటి మొత్తము 37 పాటలను, సేకర్తలు ఇచ్చిన మంచి ప్రతుల నుండి ఎత్తి, "ఆఫ్ ద రికార్డ్" అను పేరుతో 2006లో రెండు సీడీలుగా విడుదల చేసిరి. అమెరికాలో వీటి ధ్వనిముద్రణ హక్కులు 2024 జనవరి 1తో తొలగిపోయినవి. నేడు వీటిని ఎవరైనను పునర్ముద్రించవచ్చును, అరగని ప్రతి దొరికినచో.