పీడనమువలన పాలిథీను స్ఫటికములు మాఱు విధము

మన పలివెల ఇండ్లలో కొబ్బరిపీచు త్రాటిని చుట్టగా చుట్టి అటుకపై పెట్టుట అందఱెఱిగినదే. ఎంత పొడవైన త్రాడైనను మడతలు పడినచో చిన్నచోట ఇముడును. సంతనుండి సరకులు తెచ్చుకొను పాలిథీను సంచిలోని అణువులును ఇట్టి త్రాళ్లే. ఒక్కొక్క అణువునందు వేలకొలది కర్బన పరమాణువులు వరుసగా కూర్చబడియుండును. ఇట్టి దీర్ఘాణువులుగల పదార్థములను పాలిమర్లందురు.

కరగిన పాలిథీను చల్లారునపుడు అందు కొంతభాగము స్ఫటికమగును. తక్కినది చిక్కుపడియే యుండును. స్ఫటికమనగానే మనకు ఉప్పుకల్లు, పటికబెల్లము తలపునకు వచ్చును. అంత పొడవైన అణువు స్ఫటికములో ఎట్లు కుదురును? అది ముందునకు వెనుకకు మడతలు పడుచు పలుచని రేకుగా ఏర్పడునని 1957లో ఇంగ్లండునందు ఆండ్రూ కెల్లర్ వివరించెను. ఆ రేకు మందము మిల్లీమీటరులో సుమారు లక్షవవంతు! చల్లారునంతలో పూర్తిగా చాచుకొనుటకు అణువునకు వ్యవధి చాలదు. మడిగియుండుటయే దానికి సులభము.

ఈ మడతలను విప్పవచ్చునా? 1964లో అమెరికాయందు గైల్, వుండర్లిష్ మొదలగువారు కరగిన పాలిథీనును సుమారు 5000 వాయుమండలముల పీడనములో స్ఫటికీకరింపజేసిరి. గోరంత చోటుపై ఐదు టన్నుల బరువు మోపినట్లని తలపుడు. సముద్రమున మిక్కిలి లోతైన తావున నుండు పీడనమునకు ఇది నాలుగింతలకు మించినది. అప్పుడేర్పడిన రేకుల మందము మామూలుకంటె నూఱింతలకు మించియుండెను. అణువులు వానిలో చాలవఱకు చాచుకొనియే యుండెను.

బరువు అణువును పట్టి లాగినదని భ్రమపడరాదు. పీడనము హెచ్చినకొలది పాలిథీను కరగు వేడిమియు హెచ్చును. కావున అది 200 డిగ్రీలకు పైబడిన వేడిలోనే గడ్డకట్టును. అంతేగాక, సుమారు 3500 వాయుమండలములు దాటినపుడు అణువులు షట్కోణపు అమరికను పొందునని తరువాత తెలియవచ్చెను. ఆ అమరికలో అవి తమ పొడవు వెంబడి తేలికగా జారగలవు. అందుచే మడతలు క్రమముగా సడలి, రేకు మందమగును. చల్లార్చి పీడనము తీసివేసినపుడు అమరిక మామూలు రూపమునకు వచ్చును గాని, పెరిగిన మందము అట్లే నిలుచును.

ఇంత చక్కని స్ఫటికము మిక్కిలి గట్టిదై యుండునని మనమూహింతుము. కాని అది పెళుసు. కొద్ది దెబ్బకే విఱుగును. మామూలు పాలిథీనులో ఒక రేకునుండి మఱియొక రేకునకు పోవు అణువులే వానిని కలిపి పట్టును. అణువులన్నియు తమ తమ రేకులలోనే చాచుకొనినచో ఆ బంధము సన్నగిల్లును. పురి పెట్టక ప్రక్కప్రక్కన పేర్చిన పీచుతో ఎవ్వరును నూతిలో చేద వేయరు గదా!