మదనపల్లె టమాటా, ముంబై వడ్డీ రేటు

2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్ యార్డులో మేలు రకం టమాటా కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. జూన్‌లో 5 శాతం లోపే ఉన్న చిల్లర ద్రవ్యోల్బణం జులైలో 7.44 శాతానికి ఎగబాకింది. ఉమ్మడి చిత్తూరు మండీలకు, కోలారుకు సరుకు తగ్గితే ముంబైలో రిజర్వు బ్యాంకు లెక్క తప్పుతుంది.

ఆ లెక్కకు ఇప్పటి చట్టరూపం 2016లో వచ్చింది. అప్పటిదాకా వడ్డీ రేటుపై ఆఖరి మాట గవర్నరుదే. ఊర్జిత్ పటేల్ కమిటీ 2014లో చేసిన సిఫారసుల బాటలో చట్టాన్ని సవరించి, ఆ అధికారాన్ని ఆరుగురి ద్రవ్య విధాన కమిటీకి ఇచ్చారు. ముగ్గురు రిజర్వు బ్యాంకు వాళ్లు, ముగ్గురు ప్రభుత్వం నియమించేవాళ్లు. ధరల పెరుగుదల 4 శాతం దగ్గర ఉండాలి, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. వరసగా మూడు త్రైమాసికాలు హద్దు దాటితే ప్రభుత్వానికి సంజాయిషీ రాయాలి. 2022లో రాయాల్సి వచ్చింది కూడా. ఇది మంచి సంస్కరణ. లక్ష్యమేమిటో జనానికి ముందే తెలుస్తుంది, తప్పితే అడగొచ్చు.

అయితే కమిటీ చేతిలోని ప్రధాన ఆయుధం రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు దగ్గర బ్యాంకులు తెచ్చుకునే అప్పుపై వడ్డీ. అది పెరిగితే ఇంటి లోను, బండి లోను భారమై కొనేవాళ్లు తగ్గుతారు. ఎండకు పూత రాలిన తోటలో మాత్రం కాయ పుట్టదు. అప్పటి ధరల సూచీలో తిండి, పానీయాల వాటా దాదాపు 46 శాతం. ఆ ఆగస్టులో కమిటీ రేటును 6.5 శాతం దగ్గరే ఉంచింది. కొత్త పంట దిగింది, సెప్టెంబరుకు ద్రవ్యోల్బణం 5 శాతానికి వచ్చింది.

లక్ష్యం నుంచి తిండినే తీసేసే సంగతి ఆలోచించమని 2024 జులైలో ఆర్థిక సర్వే సూచించింది. అది సరికాదు. కూలి డబ్బుల్లో సగం వంటింటికే పోయే కుటుంబానికి తిండి లేని లెక్కతో పనేముంది?

సరిచేయాల్సింది తోటకూ వంటింటికీ మధ్య దారిని. టమాటాకు మనం పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలేనని రిజర్వు బ్యాంకు పరిశోధకులే 2024లో తేల్చారు. ధర పడితే కోత కూలి కూడా గిట్టక పంటను చేలోనే వదిలేస్తారు. చిత్తూరు చుట్టూ తోతాపురి మామిడికి ఉన్నన్ని గుజ్జు ఫ్యాక్టరీలు టమాటాకు లేవు. ఫ్యాక్టరీలున్నా 2025లో మామిడి ధర కూలి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలపాల్సి వచ్చింది. కాబట్టి గిడ్డంగులతోపాటు ముందస్తు కొనుగోలు ఒప్పందాలు, రైతు సంఘాలకు అప్పులు కావాలి. బ్యాంకుల రుణాల్లో 18 శాతం సాగుకు వెళ్లాలని ప్రాధాన్య రంగం కింద శాసించేది రిజర్వు బ్యాంకే. వాటిలో మదనపల్లె లాంటి చోట గిడ్డంగికి, గుజ్జు యూనిట్‌కు ఎంత చేరుతోందో కూడా అది ఏటా యార్డుల వారీగా జనం ముందు పెట్టాలి.